శీలావతి పిల్లల చలికాలం

ఫెరార్‌గంజ్,
4 నవంబరు 2005

ఒరేయ్ గోపీ,

నువ్వు కులాసాగా ఉన్నావో లేదో నేను అడగను. ఉండే ఉంటావు. లేకపోతే నా చెరువు గట్టు మీద ఎర్రజెండాలు పాతించే తీరిక నీకు ఎక్కడినుంచి వస్తుంది?

నిన్న పొద్దున్న నేనూ మీ బావా చెరువులో దిగి నాచు తీస్తున్నాం. వానలు వెనకపట్టాయి కదా, చలికాలానికి చెరువు సిద్ధం చేసుకోవాలి. ఇంతలో ఇద్దరు కుర్రాళ్లు టేపు పట్టుకుని గట్టెక్కారు. నమస్కారం లేదు, పలకరింపు లేదు. ఈ మూల నుంచి ఆ మూలకి కొలిచి, తూము పక్కన జెండా గుచ్చారు.

"ఏం బాబూ, ఎవరి చెరువు అనుకున్నారు?" అన్నాను.

"గోపినాథ్ భయ్యా భేజా, ఆయనే పంపారు ఆంటీజీ. ప్రాజెక్ట్ హై. రొయ్యల ప్రాజెక్టు. గట్టు కోసేసి ఖాడీలోకొచ్చే సముద్రపు నీళ్లు లోపలికి వదులుతాం" అన్నాడు అందులో ఒకడు, పెళ్లిభోజనానికి పిలిచినంత సంతోషంగా.

మీ బావ సంగతి నీకు తెలుసు. ఏడాదికి పది మాటలు మాట్లాడతాడు. అందులో ఒకటి నిన్న ఖర్చుపెట్టాడు. "ఒలే యర్రీ, ఈల్లు మన నోట్లో ఉప్పు కొట్టడానికొచ్చార్రా దేవుడో" అని గట్టు మీద కూలబడ్డాడు.

ఏమిటిది? నా చెరువులోకి సముద్రాన్ని పంపే అధికారం నీకెవరిచ్చారు? నాన్న పోయాక ఈ భూమి కాగితం నీ పేరుకు మారింది. మగపిల్లాడివి, సరే అన్నాను. కానీ నాచు తీసేది నేను, గట్టు కట్టేది నేను, కొంగల్ని తోలేది నేను. కాగితం నీ పేరన ఉంటే ఉండనీ. నీళ్లు ఎవరి పేరన ఉన్నాయో చెప్పు.

ఫోన్ చేద్దామంటే బూత్‌లో బుల్లమ్మ చెవి మన మీదే వేసుకుని కూర్చుంటుంది. పైగా నువ్వు ఫోన్‌లో "ఆ అప్పా, అలాగే అప్పా" అని పెట్టేస్తావు. కాగితం మీద అలా తప్పించుకోలేవు. బస్సు డ్రైవర్ గోవిందు చేతికి ఇస్తున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు. చెరువులో చల్లడానికి సున్నం రెండు బస్తాలు కావాలి, అవీ పంపు. కోపం వేరు, సున్నం వేరు.

నీ అప్ప,
యర్రమ్మ

---

డైరీ ఫార్మ్, పోర్ట్‌బ్లెయిర్,
9 నవంబరు 2005

పూజ్యురాలైన అప్పకి, తమ్ముడు గోపినాథ్ నమస్కారాలు.

నీ ఉత్తరం నేను చదివాక మా ఆవిడ హిమబిందు అడక్కుండానే చల్లటి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నా మొహం అలా ఉందట. గోవిందు అయితే ఉత్తరం నా చేతిలో పెట్టి, "దీదీ బహుత్ గుస్సా మే హై, నేనెళ్లిపోతాను భయ్యా" అని టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

కోపం పక్కన పెట్టి విను. సునామీ తర్వాత మన దిగువ పొలం ఏమయిందో నాకంటే నీకే బాగా తెలుసు. నేల కుంగింది. వరి పండిన చోట పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్లు. ఆ పొలం మరి తిరిగి రాదు. ఎగువన ఉన్న చెరువు మాత్రం ఎన్నాళ్లు ఆగుతుంది? ఇక్కడ ఒక పునరావాస సంఘం వాళ్లు మెయిన్‌లాండ్ నుంచి వచ్చారు. వచ్చే ఉప్పుతో పోట్లాడటం కంటే, ఆ ఉప్పులోనే రొయ్యలు పెంచుకోండి అంటున్నారు. ఖర్చంతా వాళ్లదే. మాదిరి చెరువుగా మనదాన్ని ఎంచుకున్నారు. అందరూ అడుగుతుంటే మనకి వచ్చింది, తెలుసా?

నువ్వు భయపడుతున్నట్టు ఖాడీ మొత్తం వచ్చి మీద పడదు. గట్టుని ఒక్కచోట కోసి, పైపు వేసి, తలుపు పెడతారు. కావలసినంత నీరే లోపలికి వస్తుంది. ఎత్తు విషయంలో నేనే దగ్గరుండి చెప్పాను. తూము పక్క రాతి మీద నాన్న ఉలితో చెక్కిన గీత ఉంది కదా. ఎంత పెద్ద పున్నమి పోటైనా ఆ గీత దాటదని చిన్నప్పుడు మనకి ఎన్నిసార్లు చెప్పాడు! ఆ గీత లెక్కే ఇంజనీరు గణేశ్వరరావు గారికి ఇచ్చాను. ఆయన నాన్నని ఎంత మెచ్చుకున్నారో. "మీ ఫాదర్ చదువుకోని ఇంజనీరండీ" అన్నారు.

ఇంకా ఏదీ ఖాయం కాలేదులే. మాటలు నడుస్తున్నాయి. బావకి మోకాళ్ల నొప్పులు, నీకు షుగరు. ఆ నీళ్లలో మీరిద్దరూ ఎన్నాళ్లు నానతారు? ఇక్కడికి వచ్చేయండి. మేడ మీద గది ఖాళీగానే ఉంది.

సున్నం రెండు బస్తాలు ఇదే బస్సులో పంపుతున్నాను.

నీ తమ్ముడు,
గోపినాథ్

---

ఫెరార్‌గంజ్,
18 నవంబరు 2005

గోపీ,

సున్నం అందింది. చల్లేశాను. అందుకని నీమీద కోపం తగ్గిందనుకోకు.

"మీ ఫాదర్ చదువుకోని ఇంజనీరు" అన్నాడా ఆ మహానుభావుడు? చదువుకున్న ఇంజనీరుకి ఒక్కసారి బస్సెక్కి వచ్చి చూసే తీరిక లేకపోయింది కాబోలు. నీకూ లేకపోయింది. నాన్న గీత మీద నాకు నీకంటే ఎక్కువ గౌరవం ఉంది. కానీ నాన్న గీసినప్పుడు నేల ఎక్కడుంది, ఇప్పుడెక్కడుంది? నేల కుంగిందని నీ ఉత్తరంలో నువ్వే రాశావు. మరి నేలతో పాటు రాయి కుంగదా? రాయితో పాటు గీత కుంగదా? ఆమాత్రం తట్టలేదా నీ బుర్రకి!

మొన్న కార్తీక పున్నమికి నేను ఆ రాయి దగ్గర నిలబడ్డాను. గుళ్లో దీపం కూడా పెట్టలేదు. పోటు వచ్చింది. గీత దాటి మూరెడు పైకి వచ్చింది. నేను చెయ్యి ముంచి గీతని తడుముకుని చూశాను, నీళ్ల అడుగున. గట్టు మొన్న వేసంగిలో మీ బావా నేనూ ఎత్తు చేశాం కాబట్టి లోపలికి రాలేదు. ఆ గట్టునే నువ్వు కోయిస్తానంటున్నావు.

చలికాలానికి చెరువు సిద్ధం చెయ్యడమంటే ఏమిటో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లాక మర్చిపోయినట్టున్నావు. మనకి చలికాలమంటే చలి కాదు. మే నెల దాకా వాన లేని కాలం. ఉన్న నీళ్లే ఉంటాయి. అందుకే తూము బంకమట్టితో మూసేశాను. గట్టు మీదికి వంగిన కొమ్మలు కొట్టేశాం, ఆకులు పడి కుళ్లకుండా. పెద్ద చేపల్ని సగం పట్టి అమ్మేశాను. సునామీ తర్వాత సముద్రపు చేప ముట్టం అని ఒట్లు పెట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు బజారులో, చెరువు చేప అంటే పరిగెత్తుకు వస్తారు. ఎగువ మూలన అడ్డకట్ట వేసి, లోపల గొయ్యి లోతు చేసి, శీలావతి చేపపిల్లల్ని అందులోకి మార్చాను. పైన కొబ్బరాకు కప్పాను. కలకత్తా నుంచి ఓడలో సంచుల్లో తెచ్చిన పిల్లలు. దారిలో సగానికి పైగా చచ్చి, బతికినవి ఇవి. ఇవి చలికాలం గట్టెక్కితేనే వచ్చే వానలకి చెరువులో చేపంటూ ఉంటుంది. అవి పోతే మళ్లీ ఓడలో ఎప్పుడు తెస్తారో ఎవరికీ తెలియదు.

చేపల మాట వదిలేయ్. మన చుట్టూ ఉన్న ఏడిళ్ల వాళ్ల బావులూ ఉప్పయిపోయాయి. వాళ్లంతా వంటకి, కాచుకుని తాగడానికి, ఈ చెరువు నీళ్లే మోసుకెళ్తున్నారు. రాజకుమారి నిండు నెలల మనిషి, రోజూ రెండు బిందెలు తీసుకెళ్తుంది. రొయ్యల్ని తాగమని చెప్పమంటావా ఆ పిల్లకి?

ఎర్రజెండాలు పీకేశాను. వాటిని గొయ్యి మీద కట్టాను, నీటికాకులు బెదరడానికి. ఆ ఒక్కపనికీ పనికొచ్చింది మీ ప్రాజెక్టు.

ఒక మాట అడుగుతాను. సునామీ వచ్చిన ఆ ఆదివారం తర్వాత నువ్వు ఇటు ఒక్కసారైనా వచ్చావా? బస్టాండు దాకా వస్తావు, టీ తాగుతావు, డబ్బాడు మిఠాయి చేతిలో పెడతావు, తిరుగు బస్సెక్కుతావు. చెరువు దాకా ఎంత దూరం? వచ్చే పున్నమికి రా. ఆ రాయి దగ్గర నిలబడు. నీళ్లు నీ మోకాలి దాకా వచ్చాక అప్పుడు చెప్పు గీత సంగతి.

యర్రమ్మ

---

డైరీ ఫార్మ్,
27 నవంబరు 2005

అప్పకి,

నువ్వు ఇంత కటువుగా రాస్తావని అనుకోలేదు. నేనూ మనిషినే. ఊళ్లో పదిమంది నన్ను చూసి గౌరవంగా లేస్తారు. నువ్వు మాత్రం నన్ను ఇంకా చెడ్డీ వేసుకున్నవాడిలా తిడతావు.

దాపరికం వద్దు. నేను సెప్టెంబరులోనే సంతకం పెట్టాను. ఖాయం కాలేదని రాసింది నీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక. ఇప్పుడు వెనక్కి తీసుకోవడం అంత సులువు కాదు. సంఘం వాళ్లు ఢిల్లీకి ఫోటోలు పంపేశారు.

ఎత్తు సంగతి నువ్వు చెప్పింది నిజమే అయితే, గణేశ్వరరావు గారితో మాట్లాడి పైపు పైకి జరపమంటాను. అది చిన్న మార్పు. నువ్వు కంగారుపడకు. ఏడిళ్లవాళ్లకి ప్రభుత్వం ట్యాంకరు వస్తుంది కదా రోడ్డు మీదికి?

పున్నమికి రావడం కుదరదు. ఆ వారమే నా కాంట్రాక్టు బిల్లుల తనిఖీ ఉంది. ఆఫీసర్లు ఈ ఊళ్లోనే, డెలానీపూర్‌లో ఉంటారు, నేను ఇక్కడ ఉండి తీరాలి. ఆ తర్వాత చూద్దాం.

హిమబిందు నీకు ఊరగాయ పంపుతోంది. కారం తక్కువ వేసిందట, నీకు అవసరం లేదని.

గోపినాథ్

---

ఫెరార్‌గంజ్,
17 డిసెంబరు 2005

గోపినాథ్‌కి,

అయిపోయింది. నీ చిన్న మార్పు అయిపోయింది.

బుధవారం నేను రేకుల కోసం రిలీఫ్ ఆఫీసు లైన్లో నిలబడ్డాను. మీ బావ ఒక్కడే ఇంటి దగ్గర. నీ సంఘం వాళ్లు పన్నెండుమంది కూలీలతో వచ్చారు. ఆయన గట్టుకి అడ్డంగా పడుకున్నాడట. నీ సంతకం ఉన్న కాగితం చూపించి, ఆయన్ని చాపలా ఎత్తి పక్కన పెట్టారు. నేను వచ్చేసరికి గట్టు తెగింది, పైపు కూర్చుంది, చుట్టూ సిమెంటు బ్లాకులు పేర్చారు. పైపు పై అంచూ, బ్లాకుల పై వరసా ఏ ఎత్తున ఉన్నాయనుకున్నావు? నాన్న గీతకి సరిగ్గా సమానంగా. వేలు పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. నువ్వు ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"ఈ పైపు పైకి జరపండి, రేపు పున్నమి" అన్నాను ఆ మేస్త్రీతో.

"డ్రాయింగ్‌లో ఇదే ఉంది అమ్మా. తలుపు మూశాం కదా, ఏం కాదు" అన్నాడు.

బ్లాకుల సంగతి చెప్పలేదు కదూ? వాటి మీద "జి" అని అచ్చు ఉంది. నీ సిమెంటు బ్లాకుల యార్డు అచ్చు. నా గట్టు కోసిన చోట పెట్టడానికి బ్లాకులు పోసింది నా తమ్ముడే. ఉత్తరంలో అన్నీ రాశావు, ఊరగాయ కారం గురించి కూడా రాశావు. ఈ పని నీకే వచ్చిందన్న మాట మాత్రం రాయలేదు. నాకు ఆ "జి" చూసినప్పుడు వచ్చిన కోపం కంటే సిగ్గు ఎక్కువ వచ్చింది. పక్కింటి నూకన్న కూడా చూశాడు. చూసి తలతిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది.

గురువారం పొద్దున్న పోటుకి నీళ్లు పైపు దగ్గర ఆగలేదు. పైపు మీద నుంచి, బ్లాకుల మీద నుంచి, కోసిన మేరంతా పొర్లి వచ్చాయి. కొత్త సిమెంటు కదా, బ్లాకులు ఒక్కొక్కటే జారాయి. ఏడిళ్ల వాళ్లం మొత్తం దిగాం. బియ్యం సంచుల్లో మట్టి నింపి వేశాం. రాజకుమారి పొట్ట పట్టుకుని గట్టు మీద కూర్చుని సంచుల మూతులు కుట్టింది. మధ్యాహ్నానికి గండి పూడ్చాం. అప్పటికే చెరువు చెరువు కాదు. సాయంత్రానికి బొచ్చె చేపలు తెల్లగా తేలడం మొదలుపెట్టాయి. నిన్నంతా మేము చచ్చిన చేపల్ని బుట్టల్తో ఎత్తి కొబ్బరిచెట్ల మొదట్లో పాతిపెట్టాం. ఆ కంపులోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎగువ మూల అడ్డకట్ట ఆగింది. శీలావతి పిల్లలు బతికే ఉన్నాయి. ఊళ్లో తియ్యటి నీళ్లంటే ఇప్పుడు ఆ గొయ్యి ఒక్కటే.

బస్సు వచ్చిన ప్రతిసారీ చూశాను. ఆ రోజు గోవిందు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ నువ్వు దిగలేదు.

ఇంకేం రాయను.

యర్రమ్మ

---

డైరీ ఫార్మ్,
27 డిసెంబరు 2005

అప్పా,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. జవాబు రాయడానికి ఎన్నిసార్లు కూర్చున్నానో హిమబిందుని అడుగు.

గణేశ్వరరావుకి ఫోన్ చేశాను. నిజంగానే చేశాను. "ఇప్పుడు మార్చితే మళ్లీ మంజూరు కావాలి, ఆరు నెలలు పడుతుంది, మీ బిల్లు కూడా ఆగుతుంది" అన్నాడు. నేను సరే, చూద్దాం అన్నాను. బిల్లు ఆగుతుందని ఊరుకున్నాను. బ్లాకుల పని నాకు వస్తుందనే సంతకం పెట్టాను. ఇవి రెండూ నీకు రాయలేదు. రాస్తే నువ్వు ఏమంటావో తెలుసు కాబట్టి రాయలేదు.

పున్నమికి ఎందుకు రాలేదో కూడా చెప్తాను. తనిఖీ లేదు. అది అబద్ధం.

నేను రాలేను అప్పా. ఆ ఆదివారం నీ ఇంట్లో చేపల పులుసు తిందామని వచ్చాం గుర్తుందా, నేనూ హిమబిందూ? భూమి కదిలాక ఖాడీ అడుగు కనిపించేంత ఎండిపోయింది. నువ్వు "పైకి, పైకి" అని అరిచావు. గుట్ట మీద నుంచి నేను వెనక్కి తిరిగి చూశాను. నువ్వు చూడలేదు, బావని లాక్కొస్తున్నావు. నేను చూశాను. మన వరి చేను మీదుగా అది వచ్చిన తీరు చూశాను. నువ్వు వారానికే మళ్లీ ఆ గట్టు ఎక్కావు. నేను ఇవాళ్టికీ పోర్ట్‌బ్లెయిర్‌లో సముద్రం కనిపించే రోడ్డు మీద స్కూటర్ నడపను. అబర్డీన్ బజారుకి చుట్టు తిరిగి వెళ్తాను. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. నీ బస్టాండు దాకా రావడానికే నాకు ఎంత ధైర్యం కావాలో నీకు తెలియదు. ఆ చెరువు పోతే నువ్వు అక్కడ ఉండవు, నా దగ్గరికి వచ్చేస్తావు అని కూడా మనసులో ఒక మూల ఉంది. అది తప్పని ఇప్పుడు తెలుస్తోంది.

నిన్న సంవత్సరం నిండిందని ఇక్కడ మీటింగు పెట్టారు. నన్ను స్టేజీ ఎక్కించారు. ఆ గణేశ్వరరావు మైకు పట్టుకుని, మా చెరువు పేరు చెప్పి, "విజయవంతంగా మొదటి నీరు పెట్టాం" అన్నాడు. మొదటి నీరట! చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లంతా మండిపోయింది. మైకు లాక్కుని, "అక్కడ చేపలు చచ్చి తేలాయి, మా బావని ఎత్తి పక్కన పడేశారు, ఏడిళ్లకి తాగే నీళ్లు లేవు, సిగ్గు లేదా మీకు" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. హిమబిందు చెప్తోంది, హిందీలోనూ తెలుగులోనూ కలిపి తిట్టానట. సంతకం వెనక్కి తీసుకుంటున్నానని అక్కడే రాసిచ్చాను. బిల్లు రాదు. రానక్కర్లేదు.

ఇదంతా చేసినందుకు నీ చెరువు తియ్యబడదని నాకు తెలుసు. ఏం చెయ్యమంటావో చెప్పు. ఏదైనా చేస్తాను.

గోపి

---

ఫెరార్‌గంజ్,
12 జనవరి 2006

గోపీ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. మైకు లాక్కున్న చోట రెండోసారి చదవమన్నాడు.

నీకు భయమేసిందంటే నేను నవ్వుతానా? ఒక్కమాట ముందే చెప్పి ఉంటే నేనే బస్టాండుకి వచ్చి, అక్కడే కూర్చుని నిన్ను తిట్టేదాన్ని కదా. భయపడ్డందుకు కోపం లేదు. దాన్ని దాచి, నాకు ప్రాజెక్టు పాఠాలు చెప్పావు చూడు, అందుకు కోపం. అది ఇంకా ఉంది.

నీ సంఘం వాళ్లకి మాత్రం సిగ్గూ శరమూ లేవు. సోమవారం కెమెరా పట్టుకుని మళ్లీ వచ్చారు. చెరువు నీళ్లు గ్లాసులో ముంచి, ఏదో మీటరు పెట్టి చూసి, ఒకతను నాతో ఏమన్నాడో తెలుసా? "ఆంటీజీ, ఉప్పు పర్సెంటేజ్ బాగుంది. రొయ్యలకి ఏకదమ్ ఫిట్. ఎలాగూ ఉప్పయిపోయింది కదా, ఇప్పుడు ఒప్పుకోండి." మన ఇంట్లో దూరి కుండ పగలగొట్టి, పగిలిన కుండ మీకెందుకు మాకివ్వండి అని అడుగుతున్నారు గోపీ! నేను నోరు తెరిచేలోపే మీ బావ లేచాడు. నాచు తీసే దోటీ అందుకున్నాడు. ఏడాది మాటలన్నీ ఒక్కపూట వాడేశాడు. కెమెరా అబ్బాయి చెప్పులు ఇంకా మా గట్టు మీదే ఉన్నాయి.

ఇక అసలు సంగతి. ఏం చెయ్యమంటావు అన్నావు కదా.

రోడ్డు మీదికి వచ్చే ట్యాంకరు వారానికి ఒకసారి వస్తోంది, అదీ వస్తే. ఏడిళ్ల వాళ్లూ ఎగువ గొయ్యి నీళ్లే వాడుతున్నారు. వాళ్లని పొమ్మనలేను. రాజకుమారికి ఆడపిల్ల పుట్టింది. బాలింత ఇంటికి నీళ్లు ఇవ్వనని చెప్పే నోరు నాకు లేదు. గొయ్యి రోజూ దిగుతోంది. ఇలా అయితే నెలలోపు శీలావతి పిల్లల వీపులు ఎండకి కనిపిస్తాయి. మనుషులూ చేపలూ ఇద్దరూ ఆ గొయ్యిలో చలికాలం దాటరు. నీళ్లు మనుషులకే ఇవ్వాలని నేను నిశ్చయించుకున్నాను.

అందుకని చేపల్ని నీకు పంపుతున్నాను.

నీ యార్డులో బ్లాకులు నానబెట్టే సిమెంటు తొట్టి ఉంది కదా, పొడుగాటిది. అందులో ఇక బ్లాకులు నానవు. వచ్చే వానల దాకా నా శీలావతులు ఉంటాయి. అలా చూడకు కాగితం వైపు. నా చెరువు చలికాలం నువ్వు చెడగొట్టావు కాబట్టి ఇంకొకటి నువ్వే ఇవ్వాలి.

తొట్టిలో సిమెంటు ఘాటు ఉంటుంది. ముందు నీళ్లన్నీ తీసెయ్. అరటిబోదెలు ముక్కలు చేసి, నీళ్లు పోసి, కుళ్లనివ్వు. పారబోసి మళ్లీ అలాగే చెయ్యి. చింతపండు పెట్టి గోడలు తోము. కుళాయి నీళ్లు వెంటనే వదలకు, మందు వాసన పోయేదాకా ఎండలో నిలవబెట్టు. పైన వల కట్టు, అవి ఎగురుతాయి, నీ ఊరి కాకులు మా కొంగల కంటే దొంగలు. సగం తొట్టికి నీడ ఉండాలి. తవుడూ వేరుశెనగ చెక్కా కలిపి పిడికెడు చొప్పున వెయ్యి, అవి తినేసినాకే మళ్లీ వెయ్యి. పొద్దున్నే అన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే గాలి చాల్లేదని అర్థం. అప్పుడు చెంబుతో నీళ్లు తీసి, ఎత్తు నుంచి పోస్తూ ఉండు. ఎంతసేపంటే, అవి కిందికి దిగేదాకా.

తొట్టి తయారయిందని కబురు పెట్టు. గోవిందు తెల్లవారుజాము బస్సులో వెనక సీట్లు తీయించాడు. డ్రమ్ములతో నూకన్న కూడా వస్తాడు, దారంతా నీళ్లు చేత్తో కొడుతూ.

ఇవి చస్తే మాత్రం నాకు ఉత్తరం రాయకు.

యర్రమ్మ

---

డైరీ ఫార్మ్,
5 ఫిబ్రవరి 2006

అప్పా,

చేపలు అందాయి. నూకన్న తొట్టి చుట్టూ తిరిగి, వేలు ముంచి, నాలిక మీద పెట్టుకుని చూశాడు. తర్వాత "పర్లేదు" అన్నాడు. నాకు కాంట్రాక్టు దొరికినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

ఇప్పుడు నా గోడు విను. పోర్ట్‌బ్లెయిర్‌లో కుళాయి మూడు రోజులకి ఒకసారి వస్తోంది. వచ్చిన నీళ్లు నీ చేపలకి పోతున్నాయి. హిమబిందు గిన్నెలు కడిగిన నీళ్లతోనే గచ్చు కడుగుతోంది. నేను రోజు విడిచి రోజు స్నానం చేస్తున్నాను. చెప్తే నవ్వుతారని సైటుకి వెళ్లే ముందు అత్తరు రాసుకుంటున్నాను. యార్డులో పని ఆగిపోయింది. కూలీలు నలుగురు తొట్టి చుట్టూ కూర్చుని తవుడు వేస్తున్నారు. మున్సిపాలిటీ వాడొకడు వచ్చి దోమలు పెరుగుతాయని నోటీసు అంటించి పోయాడు. చేపలు ఉన్నచోట దోమ పిల్లలు బతుకుతాయా? చదువుకున్న మనిషేనా వాడు? ఆఫీసుకి వెళ్లి గట్టిగా అడిగాను. నీ నోరు నాకు వచ్చిందని హిమబిందు అంటోంది.

గణేశ్వరరావు నిన్న ఇంటికి వచ్చాడు. సంతకం మళ్లీ పెడితే పాత బిల్లూ కొత్త బిల్లూ కలిపి ఇప్పిస్తాడట. అతన్ని తొట్టి దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టాను. "ఇది మా అప్ప చెరువు. మీ రొయ్యలకి ఇందులో చోటు లేదు" అన్నాను. ఏమీ అర్థం కాక వెళ్లిపోయాడు.

ఒక సంగతి దాచను. ఇక దాచకూడదని అనుకున్నాను. గురువారం తెల్లారేసరికి పంతొమ్మిది చచ్చి ఉన్నాయి. మిగిలినవన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నువ్వు రాసినట్టే చెంబుతో నీళ్లు పోయడం మొదలుపెట్టాను. చెయ్యి పడిపోయింది, మరో చెయ్యి మార్చాను. అవి కిందికి దిగేసరికి ఎండెక్కింది. అప్పుడు తొట్టి గట్టు మీద కూర్చుని ఏడ్చాను. కూలీలు చూశారు. చూస్తే చూడనీ. నువ్వు ఆ బొచ్చెల్ని బుట్టల్తో ఎత్తావే, ఆ రోజు నేను ఇక్కడ అన్నం తిన్నాను అప్పా.

చచ్చినవాటిని పారెయ్యలేదు. పెరట్లో అరటిమొక్క మొదట్లో పాతాను.

తక్కినవి బాగున్నాయి. నేను వెళ్తే నీడలోంచి బయటికి వస్తున్నాయి. మనిషిని గుర్తుపడతాయా ఇవి? నాకు గుర్తుపడుతున్నట్టే ఉంది.

వానలు పడి, చెరువులో ఉప్పు విరిగిందని నువ్వు కబురు చెయ్యి. అప్పుడు గోవిందు చేత పంపను, నూకన్నని కూడా పంపవద్దు. డ్రమ్ములు నేనే తెస్తాను, ఖాడీ పక్క దారిలోనే, నీ గట్టు దాకా.

గోపి